ప్రజాస్వామ్య విద్య – ఆదరణ తత్త్వం

ప్రజాస్వామ్యం అనగానే మనకు సాధారణంగా ఎన్నికలు, శాసనసభలు, న్యాయస్థానాలు స్ఫురణకు వస్తాయి. విద్య అనగానే పాఠ్యగ్రంథాలు, పరీక్షలు, పట్టాలు స్ఫురణకు వస్తాయి. ఈ రెంటికీ అవినాభావ సంబంధం ఉన్నదని విద్యావేత్తలు పలుమార్లు చెప్పియున్నారు. కాని ఈ రెంటినీ కలిపి ఉంచే మూడవ విషయం ఒకటున్నది. గంభీరమైన తత్త్వగ్రంథాలలో చాలాకాలం దానికి తగిన చోటు దొరకలేదు. అది ఇంటి విషయమనీ, ఆడవారి విషయమనీ పండితులు ప్రక్కన పెట్టారు. అదే ఆదరణ, అనగా ఒక మనిషి మరొక మనిషి అవసరాన్ని గుర్తించి, దానిని తన పనిగా స్వీకరించటం. ప్రజాస్వామ్య విద్యలో దానికి గల స్థానాన్ని ఈ వ్యాసంలో యథాశక్తి విచారించదలచుకొన్నాము. విషయం తత్త్వానికి సంబంధించినదైనా మా దృష్టి మాత్రం మన తరగతి గదుల మీదనే ఉన్నదని పాఠకులు గ్రహించగలరు.

ముందుగా మాట సంగతి. ఇంగ్లీషువారు ‘కేర్’ అనే చిన్న పదంతో ఎన్నో అర్థాలను సాధిస్తారు. తెలుగులో అందుకు సరిసమానమైన ఒక్క మాట లేదు. ఇది లోపం కాదు, సంపద అని మా అభిప్రాయం. ‘శ్రద్ధ’ అన్నప్పుడు మనస్సు నిలపటం ప్రధానం. ‘సంరక్షణ’ అన్నప్పుడు ఆపద నుండి కాపాడటం ప్రధానం. ‘ఆలనాపాలనా’ అంటే పసిబిడ్డ కండ్లముందు మెదులుతుంది. ‘ఆదరణ’లో గౌరవం కూడా ఇమిడి ఉన్నది, అందుచేతనే ఈ వ్యాసానికి ఆ మాటను ఎన్నుకొన్నాము. అయితే వీటన్నిటికంటె మాకు ఇష్టమైనది ఇండ్లలో వినబడే మాట – ‘కనిపెట్టుకొని ఉండటం’. జబ్బుపడిన అత్తను రాత్రింబవళ్ళు కనిపెట్టుకొని ఉన్న కోడలిని గురించి మనం ఆ మాట వాడతాము. శాస్త్రజ్ఞుడు క్రొత్త సంగతిని కనుగొన్నప్పుడు కూడ ‘కనిపెట్టినాడు’ అంటాము. ఒకరిని ఆదరించటమూ, తెలియని సత్యాన్ని తెలుసుకొనటమూ ఒకే చూపుకు చెందిన పనులని తెలుగువారి నాలుక ఏనాడో గుర్తించినది.

ఉర్దూలో ఈ భావం ఇంకొక రూపంలో ఉన్నది. మన ఇండ్లలో ‘తాలీమ్’ అనే మాట ఒంటరిగా రాదు. ‘తాలీమ్ ఓ తర్బియత్’ అని జంటగానే వస్తుంది. తాలీమ్ అంటే జ్ఞానం అందజేయటం, తర్బియత్ అంటే పెంచటం, తీర్చిదిద్దటం. పాఠశాల తాలీమ్ ఇస్తుంది, ఇల్లు తర్బియత్ ఇస్తుంది అని కొందరు పంచిపెట్టుకొంటారు. ఈ పంపకం సరియైనది కాదు. ఇమామ్ గజాలీ తన ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ గ్రంథంలోని మొదటి భాగంలో గురువు ధర్మాలను వివరిస్తూ, అన్నిటికంటె ముందు చెప్పినది జ్ఞానాన్ని గురించి కాదు. శిష్యుని తన కన్నబిడ్డవలె చూచుకొనవలెననే కారుణ్యాన్ని గురించి. శిష్యుని బుద్ధికి అందినంతవరకే బోధించవలెనని కూడ ఆయన చెప్పినారు. అది కూడ కారుణ్యంలోని భాగమే.

మరి మూడు శతాబ్దాలకు ఇబ్న్ ఖల్దూన్ (1332–1406) తన ‘ముఖద్దిమా’లో ఈ చర్చను మరొక మెట్టు ఎక్కించినాడు. బెత్తం మీద ఆధారపడిన చదువు బాలుని ఏమి చేస్తుందో ఆయన ఒక సాంఘిక శాస్త్రజ్ఞుని కంటితో చూచినాడు. దండనకు భయపడినవాడు ఉత్సాహం కోల్పోతాడు, సోమరి అవుతాడు, అబద్ధమాడటం నేర్చుకొంటాడు, లోపల ఒకటి పెట్టుకొని పైకి ఒకటి కనబరుస్తాడు. క్రమంగా అదే అతని స్వభావమవుతుంది అని ఆయన వాదన. ఇంతటితో ఆగక, క్రూరమైన ఏలుబడిలో అణగిన జాతులకు కూడ ఇదే గతి పడుతుందని ఆయన వ్రాసినాడు. తరగతి గదిలోని బెత్తానికీ, సింహాసనం మీది నిరంకుశత్వానికీ గల చుట్టరికాన్ని 14వ శతాబ్దంలోనే ఇంత స్పష్టంగా చూచిన మనిషిని విద్యాశాస్త్ర పాఠ్యగ్రంథాలు ఇంకా ఎక్కువగా స్మరించవలసి ఉన్నది. మన దేశంలో పాఠశాలలలో శారీరక దండననూ, మానసిక వేధింపునూ నిషేధిస్తూ చట్టం వచ్చినది 2009లో.

ఇక ఆధునిక కాలానికి వస్తే, ప్రజాస్వామ్యాన్నీ విద్యనూ కలిపి ఆలోచించినవారిలో అమెరికా తత్త్వవేత్త జాన్ డ్యూయీ (1859–1952) అగ్రగణ్యుడు. 1916లో వెలువడిన ఆయన ‘డెమోక్రసీ అండ్ ఎడ్యుకేషన్’ గ్రంథంలోని ప్రధాన భావం ఇది: ప్రజాస్వామ్యం కేవలం పరిపాలనా పద్ధతి కాదు, మనుష్యులు ఒకరి అనుభవాన్ని మరొకరు పంచుకొంటూ కలసి బ్రతికే తీరు. ఆయన షికాగో నగరంలో 1896లో ఒక ప్రయోగ పాఠశాలను స్థాపించినాడు. పిల్లలకు తగిన బల్లలు కొనటానికి ఊరంతా తిరిగిన సంగతిని ఆయన తరువాత ఒక ఉపన్యాసంలో చెప్పినాడు. ఏ దుకాణంలోనూ ఆయన కోరినవి దొరకలేదు. చివరకు ఒక వ్యాపారి అసలు సంగతి బయటపెట్టినాడు: మీరు కోరేవి పిల్లలు పని చేసుకొనే బల్లలు, మా వద్ద ఉన్నవన్నీ కూర్చొని వినే బల్లలు అని. ఆ వ్యాపారి విద్యాశాస్త్రం చదివి ఉండడు. కాని ఆ శాస్త్రంలోని ఒక అధ్యాయాన్ని ఒక్క మాటలో చెప్పినాడు. మన బల్లలు కూడ వినే బల్లలే అనే సంగతి విద్యార్థులకు మేము చెప్పనక్కరలేదు.

డ్యూయీ భావం మన దేశానికి చేరిన మార్గం చెప్పుకొనదగినది. 1913 నుండి 1916 వరకు న్యూయార్కు నగరంలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన డాక్టర్ భీమరావ్ అంబేద్కర్ డ్యూయీని గురువుగా భావించినారు. 1936లో వెలువడిన ‘కుల నిర్మూలన’ ప్రసంగ పాఠంలో ప్రజాస్వామ్యాన్ని నిర్వచించినప్పుడు ఆయన డ్యూయీ భావాన్నే స్వీకరించి, తోటివారి పట్ల గౌరవాదరాలు దానికి మూలమని స్పష్టపరచినారు. స్వాతంత్ర్యం, సమానత్వం అనే రెండు స్తంభాలకు తోడు సౌభ్రాతృత్వం లేకపోతే మిగిలిన రెండూ నిలువవని 1949 నవంబరు 25న రాజ్యాంగ పరిషత్తులో ఆయన చేసిన హెచ్చరిక సుప్రసిద్ధం. సౌభ్రాతృత్వాన్ని శాసనం చేయటం సాధ్యం కాదు. అది నేర్చుకొనవలసినది. ఎక్కడ నేర్చుకొంటారు?

అంబేద్కర్ స్వయంగా చదివిన పాఠశాలలో అది నేర్పబడలేదు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ అనే ఆత్మకథాత్మక రచనలో ఆయన తన చిన్ననాటి చదువును వర్ణించినారు. తరగతిలో ఒక మూల, వేరుగా, గోనెపట్ట మీద కూర్చుండవలెను. ఆ గోనెపట్టను బడి ఊడ్చే మనిషి కూడ తాకడు; గనుక ప్రతిదినం ఇంటికి తీసికొనిపోయి మరల తెచ్చుకొనవలెను. దాహం వేస్తే ఇతర పిల్లలవలె కుళాయి వద్దకు పోయి త్రాగటానికి వీలు లేదు. ఉపాధ్యాయుని అనుమతి కావలెను. ఆ తరువాత ప్యూను వచ్చి కుళాయి త్రిప్పవలెను. ప్యూను లేని రోజున నీళ్ళు లేవు. ఆ బడిలో అక్షరాలు వచ్చినవి, లెక్కలు వచ్చినవి, మార్కులు కూడ వచ్చి ఉంటాయి. పరీక్షాధికారి వచ్చి చూస్తే ఆ బాలునికి విద్య అందుతున్నదనే వ్రాసుకొని పోయి ఉండును.

అదే బాల్యంలో మరొక సంగతి కూడ ఉన్నది. ఆయనను అభిమానించిన ఒక బ్రాహ్మణ ఉపాధ్యాయుడు ప్రతిదినం తన భోజనంలో కొంత భాగాన్ని ఈ బాలునికి పెట్టేవాడని జీవితచరిత్రకారులు వ్రాసినారు. ఆ ఉపాధ్యాయుని మనస్సుకు మేము నమస్కరిస్తున్నాము. కాని ఈ రెండు సంగతులనూ ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. ఒక మంచి మనిషి అన్నం పెట్టగలిగినాడు. నీళ్ళ ఏర్పాటును మార్చలేకపోయినాడు. దయ ఒక వ్యక్తి గుణంగా మాత్రమే మిగిలిపోతే దాని శక్తి అంతవరకే.

ఆదరణను గురించిన తాత్త్విక చర్చ స్పష్టమైన రూపం ధరించినది 1980 తరువాతనే అని చెప్పవచ్చును. అమెరికాలో లారెన్స్ కోల్బర్గ్ అనే మనస్తత్వవేత్త నైతిక వికాసాన్ని మెట్లుగా విభజించి కొలిచే పద్ధతి నొకదానిని ప్రచారంలోనికి తెచ్చినాడు. ఆయన పిల్లలకు చెప్పిన కథ ఒకటున్నది. ఒకని భార్య మరణశయ్య మీద ఉన్నది. మందు ఉన్నది గాని దుకాణదారు చెప్పిన ధర అతని శక్తికి మించినది. అతడు ఆ మందును దొంగిలించవచ్చునా? కోల్బర్గ్ శిష్యకోటిలో పనిచేసిన కరోల్ గిల్లిగన్ 1982లో ప్రచురించిన ‘ఇన్ ఎ డిఫరెంట్ వాయిస్’ గ్రంథంలో 11 ఏండ్ల బాలుడు ఒకడు, బాలిక ఒకతె ఇచ్చిన సమాధానాలను ఉదహరించినది. ఆస్తికంటె ప్రాణం విలువైనది గనుక దొంగిలించవచ్చునని బాలుడు లెక్క కట్టి చెప్పినాడు. బాలిక సూటిగా జవాబు చెప్పలేదు. దొంగిలిస్తే అతడు జైలుకు పోతాడు, అప్పుడు జబ్బు మనిషిని ఎవరు చూస్తారు, దుకాణదారుతో మాట్లాడి చూడరాదా, అప్పు చేయరాదా అని తర్కించినది. కోల్బర్గ్ కొలబద్ద ప్రకారం ఆ అమ్మాయికి తక్కువ మార్కులు వచ్చినవి! కొలబద్దయే తప్పు, ఆ బాలిక న్యాయసూత్రాన్ని కాక మనుష్యుల మధ్య బంధాన్ని చూస్తున్నది అని గిల్లిగన్ వాదించినది. ఇందులో స్త్రీ పురుష భేదం ఎంత ఉన్నదో పండితులు నేటికీ వాదించుకొంటున్నారు. మాకు తోచినంతవరకు, ఆ బాలిక సమాధానం మన అమ్మమ్మలూ, నానీలూ చెప్పగలిగిన సమాధానమే. దానిని వినే చెవి తత్త్వశాస్త్రానికి అప్పటివరకు లేదు.

తరువాత రెండేండ్లకు, 1984లో, నెల్ నాడింగ్స్ ‘కేరింగ్’ అనే గ్రంథాన్ని ప్రచురించినది. ఈమె (1929–2022) మొదట పాఠశాలలో లెక్కలు చెప్పిన ఉపాధ్యాయిని. పదిమంది బిడ్డల తల్లి. ఆ తరువాత స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలు. కావున ఆమె తత్త్వంలో సుద్దముక్క వాసన ఉన్నది. లెక్కలంటే అసహ్యమని చెప్పే విద్యార్థి ఎదురుగా నిలబడినప్పుడు ఉపాధ్యాయుడు ఏమి చేయవలెను? లెక్కలు ఎంత ఉపయోగమో ఉపన్యసించటం మన అలవాటు. ముందుగా ఆ పిల్లవాని కంటితో లెక్కలను చూడు, ఆ అసహ్యం ఎట్లుంటుందో నీలో నీవు తెలుసుకో, తరువాత మాట్లాడు అని నాడింగ్స్ బోధ. ఆమె చెప్పిన మరొక సూత్రం ఇంకా కఠినమైనది. ఆదరించేవాడు నేను ఆదరించినాను అని చెప్పుకొన్నంత మాత్రాన ఆదరణ పూర్తి కాదు. ఆదరణ పొందినవానికి అది అందినట్లు అతని వైపు నుండి ఏదో ఒక స్పందన రావలెను. అది కృతజ్ఞతయే కానక్కరలేదు. ఒక ప్రశ్న కావచ్చును, ముఖంలో కలిగిన వెలుగు కావచ్చును, అతడు తన దారిన తాను ఎదగటం కావచ్చును. రోగికి తగిలిందో లేదో చూడకుండ మందు ఇచ్చినానని వ్రాసుకొనే వైద్యుని మనం ఒప్పుకొనము. పాఠం విషయంలో మాత్రం మేము ‘సిలబస్ పూర్తి అయినది’ అని వ్రాసుకొని సంతకం చేస్తాము.

ఇక్కడ ఒక ప్రమాదాన్ని చెప్పక తప్పదు. ఆదరణ పేరుతో పెత్తనం రావటం మన సమాజంలో క్రొత్త కాదు. మన ఇండ్లలో ఆడపిల్లను చదువు మాన్పించినప్పుడు ఎవరూ ద్వేషంతో మాన్పించరు. ‘మా అమ్మాయి మేలు కోరి’, ‘దాని ఖయాల్ మాకు లేదా?’ అనే మాటలతోనే మాన్పిస్తారు. ఆ మాటలు అబద్ధమని కూడ మేము అనము. దారి దూరం, కాలం మంచిది కాదు, నలుగురూ ఏమంటారో అనే భయం నిజమైనదే. కాని ఆ నిర్ణయంలో ఆ అమ్మాయి మాట ఎక్కడ ఉన్నది? నాడింగ్స్ సూత్రాన్ని ఇక్కడ పెట్టి చూడండి. ఆదరణ పొందుతున్నదని చెప్పబడే వ్యక్తి నోరు విప్పటానికే వీలులేనిచోట దానిని ఆదరణ అనలేము. అధ్యాపకులమైన మేము కూడ ఈ దోషానికి అతీతులము కాము. ‘నీకు ఇది రాదు, వేరే గ్రూపు తీసుకో’ అని మంచి కోరి చెప్పే సలహాలలో ఎన్ని ఆ విద్యార్థి మనస్సు తెలిసి చెప్పినవో ఆలోచించవలసి ఉన్నది.

ఈ లోపాన్ని సవరించి, ఆదరణను ఇంటి నుండి రాజ్యాంగ చర్చలోనికి తెచ్చిన ఘనత జోన్ ట్రాంటో అనే రాజనీతి శాస్త్రజ్ఞురాలిది. 1993లోనూ, 2013లోనూ వెలువడిన ఆమె రెండు గ్రంథాలలోని సారాంశాన్ని మన కళాశాల ఉదాహరణతోనే చెప్పటం సులభం. ఒక విద్యార్థిని రెండు వారాలుగా తరగతికి రావటం లేదనుకొందాము. ఆమె రావటం లేదని ఎవరో ఒకరు గమనించటం మొదటి దశ. ఇది నా పని అని ఎవరో ఒకరు పూనుకొనటం రెండవ దశ. ఆ ఇంటికి పోయి తల్లిదండ్రులతో మాట్లాడటం, ఫీజు అడ్డంకి అయితే దాని సంగతి చూడటం మూడవ దశ. ఇది శ్రమతో, నేర్పుతో కూడినది. ఆమె దానికి ఎట్లు స్పందించినదో తెలుసుకొనటం నాల్గవ దశ. ఈ నాలుగు దశలూ అందరిలో న్యాయంగా పంచబడి, అందరూ ఒకప్పుడు ఇచ్చేవారుగా, ఒకప్పుడు పుచ్చుకొనేవారుగా కలసి నడవటం అయిదవది. ఆ అయిదవదానినే ఆమె ప్రజాస్వామ్యం అంటుంది. ప్రజాస్వామ్యంలో అసలు ప్రశ్న ఆదరణ పనిని ఎవరు చేస్తున్నారు, ఎవరు దాని నుండి తప్పించుకొంటున్నారు అనేదే. పెద్ద పదవిలో ఉన్నవారికి ‘నాకు వేరే ముఖ్యమైన పని ఉన్నది’ అని తప్పించుకొనే సౌకర్యం ఉంటుంది. ఆ సౌకర్యాన్ని ఆమె అధికారం ఇచ్చిన బాధ్యతారాహిత్యంగా పరిగణించినది. అంబేద్కర్ బడిలో నీళ్ళు ఇచ్చే పని ప్యూనుది; ఆ పనికి ప్యూను లేనప్పుడు అది ఎవరి పనీ కాలేదు.

ఈ సిద్ధాంతాలు పుస్తకాలకు ఎక్కకముందే మన దేశంలో ఆచరణలో పెట్టినవారున్నారు. సావిత్రీబాయి ఫూలే 1848లో పుణే నగరంలో బాలికల పాఠశాలలో చదువు చెప్పటం ఆరంభించినది. ఆమె 1856లో భర్తకు వ్రాసిన లేఖలో, తాను దూరంగా ఉన్నందువలన పనిభారం మీద పడిన ఫాతిమాను గురించి ఆదుర్దా వ్యక్తపరచినది. 1897లో ప్లేగు వ్యాపించినప్పుడు సావిత్రీబాయి రోగులకు పరిచర్య చేస్తూ, అదే వ్యాధి సోకి ఆ సంవత్సరం మార్చి 10న మరణించినది. ఆమె జీవితంలో బడి నడపటానికీ రోగిని మోసికొనిపోవటానికీ మధ్య గోడ లేదు.

మన తెలుగువారిలో గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) పేరు చెప్పగానే అందరికీ వ్యావహారిక భాషోద్యమమే జ్ఞాపకం వస్తుంది. తెలుగు ఉపన్యాసకులుగా మేము ఆ ఉద్యమం వలన లాభం పొందినవారమే. కాని ఆయన చేసిన మరొక పని మా దృష్టిలో తక్కువది కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ, చుట్టుప్రక్కల కొండలలోని సవరలకు చదువు రావలెనంటే ముందు తనకు సవర భాష రావలెనని ఆయన నిశ్చయించుకొన్నారు. లిపి లేని ఆ భాషను ఆ మనుష్యుల నోటి నుండియే నేర్చినారు, వాచకాలు వ్రాసినారు, బడులు పెట్టించినారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయినవి. గురువు శిష్యుని భాషను నేర్వటం విద్యాక్రమాన్ని తలక్రిందులు చేయటమే. కనిపెట్టుకొని ఉండటమూ, క్రొత్త సంగతిని కనిపెట్టటమూ ఒకే పని అని పైన చెప్పినదానికి ఇంతకంటె మంచి ఉదాహరణ తెలుగు దేశంలో మాకు కనబడలేదు.

మనవంటి ద్విభాషా కళాశాలలో ఈ ఉదాహరణ అలంకారం కాదు. ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థి ‘పళ్ళు’ అని వ్రాయవలసినచోట ‘పల్లు’ అని వ్రాస్తాడు. ‘బాణం’ బదులు ‘బానం’ వ్రాస్తాడు. మేము ఎర్రసిరాతో కొట్టివేస్తాము. ఉర్దూలో ళకార ణకారాలు లేవనే సంగతి తలచుకొంటే అది సోమరితనం కాదని, అతని చెవి అతనికి నిజమే చెబుతున్నదని తెలుస్తుంది. అట్లే ఉర్దూ నేర్చుకొనే తెలుగు విద్యార్థికి జాల్, జే, జాద్, జోయ్ అనే నాలుగు అక్షరాలూ ఒక్కటే ధ్వనిగా వినబడతాయి. ఏ మాటలో ఏది వ్రాయవలెనో తెలియక తికమకపడతాడు. ఈ ఇద్దరు విద్యార్థులనూ ఒక బల్ల మీద కూర్చుండబెట్టి ఒకరి తప్పులు ఒకరిచేత దిద్దిస్తే జరిగేది భాషా పాఠం మాత్రమే కాదు.

ఇక మాకు అత్యంత గౌరవపాత్రుడైన డాక్టర్ జాకిర్ హుసేన్ విషయం. 1897 ఫిబ్రవరి 8న హైదరాబాదులో జన్మించిన ఆయన భారత రాష్ట్రపతి (1967–1969) అయినందున పాఠ్యపుస్తకాలలో ఆ పదవే కనబడుతుంది. ఆయన జీవితంలో రాష్ట్రపతి పదవి రెండేండ్లు. జామియా మిల్లియా ఇస్లామియాకు ఉపకులపతిగా చేసిన సేవ 1926 నుండి 1948 వరకు. 1920లో అలీగఢ్‌లో పుట్టి 1925లో ఢిల్లీకి మారిన ఆ సంస్థ ఖిలాఫత్ ఉద్యమం చల్లారిన తరువాత మూతపడే స్థితికి వచ్చినది. బెర్లిన్ నగరంలో డాక్టరేటు పొందుతున్న జాకిర్ హుసేన్, తన మిత్రులు ముజీబ్, ఆబిద్ హుసేన్‌లతో కలిసి తిరిగివచ్చి దానిని నిలబెట్టినాడు. 150 రూపాయలకు మించిన జీతం కోరకుండ 20 ఏండ్లు సేవ చేయటానికి ఆయనా, కొందరు సహాధ్యాపకులూ ప్రతిజ్ఞ పూనినారు. చాలాకాలం ఆ కొద్దిపాటి జీతమైనా సక్రమంగా అందలేదు.

అయితే త్యాగాన్ని పొగడి ఊరుకొనటం మా ఉద్దేశం కాదు. త్యాగం ఉన్నచోటల్లా ఆదరణ ఉండదు. జామియా ప్రత్యేకత ఏమనగా, ఉపకులపతి స్థాయిలో ఉన్న పండితుడు ప్రాథమిక పాఠశాల పిల్లలను విశ్వవిద్యాలయ విద్యార్థులకంటె తక్కువగా చూడలేదు. పిల్లలకోసం కథలు వ్రాసినాడు. స్వేచ్ఛను కోరిన మేకను గురించి ఆయన వ్రాసిన ‘అబ్బూఖాన్ కీ బక్రీ’ని ఉర్దూ చదివిన మన విద్యార్థులు ఎరుగుదురు. ఆ కథలో మేకను అబ్బూఖాన్ ఎంతో ప్రేమగా చూచుకొంటాడు, త్రాడుతో కట్టి. పైన పెత్తనం గురించి మేము చెప్పినదంతా ఆ చిన్న కథలో ఉన్నది.

ఆ సంస్థలో పనిచేసిన ఒక విదేశీ స్త్రీని గురించి చాలామందికి తెలియదు. గెర్దా ఫిలిప్స్‌బోర్న్ 1895లో జన్మించిన యూదు వనిత. జాకిర్ హుసేన్ మిత్రబృందంతో బెర్లిన్‌లో ఏర్పడిన పరిచయమే ఆమెను ఢిల్లీకి రప్పించినది. 1933లో హిట్లర్ అధికారానికి వచ్చిన రోజులలో ఆమె జామియాలో చేరి, వసతిగృహంలోని చిన్నపిల్లల బాధ్యతను స్వీకరించినది. పిల్లలు ఆమెను ‘ఆపాజాన్’ అని పిలిచేవారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీ దేశస్థురాలు గనుక బ్రిటిష్ ప్రభుత్వం ఆమెను నిర్బంధంలో ఉంచినది. తన దేశంలో యూదురాలని చోటు లేకపోయిన మనిషిని ఈ దేశపు ప్రభువులు జర్మన్ అని బంధించినారు! ఇస్లామీ సంస్థలోని ముస్లిం పిల్లలకు మాత్రం ఆమె అక్కగానే మిగిలినది. 1943లో వ్యాధితో మరణించిన ఆమెను జామియా శ్మశానవాటికలోనే ఖననం చేసినారు. అక్కడి శిశుసంరక్షణ కేంద్రానికి ఆమె పేరు పెట్టినారు.

1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన జాతీయ విద్యా సమావేశం తరువాత గాంధీజీ బేసిక్ విద్యా ప్రణాళికను రూపొందించే సంఘానికి జాకిర్ హుసేన్ అధ్యక్షుడైనాడు. ఏడేండ్ల ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, చేతిపని కేంద్రంగా చదువు – ఇవి ముఖ్యాంశాలు. పిల్లల చేతిపని వలన వచ్చే ఆదాయంతో బడి ఖర్చు కొంత గడవవలెనని గాంధీజీ ఆశ. ఆర్థిక దృష్టి ముదిరితే విద్యాదృష్టి మరుగునపడే ప్రమాదం కలదని ఆ నివేదిక స్వయంగా హెచ్చరించినది. మహాత్ముని ఎదుట కూడ పిల్లవాని పక్షాన నిలబడి ఆ మాట వ్రాయటం సామాన్యం కాదు. నివేదికలోని చేతిపనులు తరువాతి కాలంలో చాలాచోట్ల మూలపడినవి. ఆ హెచ్చరిక మాత్రం ఫలితాల శాతాన్ని ప్రకటన బోర్డుల మీద వ్రాసుకొనే నేటి విద్యాసంస్థలకు అప్పటికంటె ఎక్కువ వర్తిస్తుంది.

రాజ్యాంగంలోని 30వ అధికరణం అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనే హక్కును ఇచ్చినది. ఇది విలువైన హక్కు. ఇందులో సందేహం లేదు. కాని హక్కు గోడలను కాపాడుతుంది. గోడల లోపల ఎవరు ఎవరిని కనిపెట్టుకొని ఉంటున్నారనే విషయం మీద హక్కుకు అధికారం లేదు. మన కళాశాలకు పేదింటి పిల్లలు, ఇంట్లో మొదటిసారి కళాశాల మెట్లు ఎక్కినవారు ఎక్కువగా వస్తున్నారు. వారిలో కొందరు నడుమ ఎక్కడో జారిపోతారు. ఒకనికి మెకానిక్ షెడ్డులో పని దొరుకుతుంది, ఒకనికి గల్ఫ్ వీసా వస్తుంది, ఒక అమ్మాయికి సంబంధం కుదురుతుంది. మేము పేరు పిలుస్తాము, జవాబు రాదు, ‘ఆ’ అని గుర్తు పెట్టి తరువాతి పేరుకు పోతాము. 75 శాతం హాజరు లేదని నోటీసు బోర్డులో జాబితా పడే సమయానికి ఆ విద్యార్థి కళాశాలను మరచి కొన్ని నెలలై ఉంటుంది. ట్రాంటో చెప్పిన మొదటి దశకు సాధనం మా చేతిలోనే ఉన్నది, హాజరు పట్టీ రూపంలో. దానిని మేము వడపోతకు వాడుతున్నాము.

అందుచేత అధ్యాపక మిత్రుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు కొన్ని విషయాలు ఉంచుతున్నాము. వరుసగా ఆరు రోజులు రాని విద్యార్థి పేరు ఆ వారమే ఒక అధ్యాపకునికి అప్పగించబడవలెను. ఇరవైమందికి ఒక అధ్యాపకుడు చొప్పున పంచుకొంటే ఇది అసాధ్యం కాదు. విద్యార్థినుల ఇండ్లకు పోవలసినప్పుడు అధ్యాపకురాలు ఒకరు, ఆ వీధిలోని పెద్ద విద్యార్థిని ఒకరు కలిసి పోవటం మేలు. మాట్లాడవలసినది తండ్రితో మాత్రమే కాదు. అమ్మాయి మాట విడిగా వినవలెను. ఆమె చదువు మానుకొంటానని తన నోటితో చెబితే ఆ మాటను కూడ గౌరవించి, ప్రైవేటుగానో దూరవిద్య ద్వారానో పరీక్ష వ్రాసే మార్గం తెలియజేయవలెను. నోటీసులు తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండవలెను. ఇంగ్లీషు నోటీసు అర్థంకాక ఫీజు గడువు దాటిపోయిన సందర్భాలున్నవి. ఈ పనికి వెచ్చించే గంటలను అధ్యాపకుల పనిగంటలలో లెక్కించవలెను. లేనిచో ఇది మెత్తని మనస్సు గల ఇద్దరు ముగ్గురి మీద, ముఖ్యంగా అధ్యాపకురాండ్ర మీద, పడి ఆగిపోతుంది.

చివరిగా మరొక మనవి. ఉదయం అందరికంటె ముందు వచ్చి గదులు తెరిచి, ఊడ్చి, నీళ్ళ కూజాలు నింపే ఆయా, అటెండర్లు దినవేతనం మీద పనిచేస్తున్నారు. వేసవి సెలవులలో వారికి ఆ వేతనం కూడ లేదు. ఏ విద్యార్థి తిండి లేకుండ వచ్చినాడో, ఏ అమ్మాయి ఏడ్చి వచ్చినదో మాకంటె ముందు తెలిసేది వారికే. పైన చెప్పిన ఆరు రోజుల ఏర్పాటుకు సమావేశం జరిగేటప్పుడు వారిని కూడ కుర్చీలలో కూర్చుండబెట్టి అడగవలెననీ, వచ్చే సంవత్సరపు బడ్జెటులో వారి సెలవుల జీతానికి ఒక పద్దు చేర్చవలెననీ కమిటీని కోరుతున్నాము.